అంకె కింది ఇనుము



మీ ఇంట్లో అమ్మమ్మ నాటి ఇత్తడి బిందె ఏదైనా ఉందా? ఉంటే, ఈ ప్రసంగం అయ్యాక దాని భుజం మీద ఒకసారి చేత్తో తడిమి చూడండి. పేరు తగులుతుంది. ఇంటిపేరు పొడి అక్షరం, ఆవిడ పేరు, కొన్నిటి మీద పెళ్ళి తేదీ కూడా. ఉలితో చుక్కలు చుక్కలుగా కొట్టిన పేరు. ఇప్పుడు ఆ పేరు చుట్టూ చూడండి. అరవై ఏళ్ళు చింతపండు రాసి, పీచుతో తోమిన సన్నటి గీతలుంటాయి. బిందె అంతా ఎలా ఉందో, పేరున్న చోటా అలాగే ఉంటుంది.

ఎవరో ఆ బిందె కాజేశారనుకోండి. పాత పేరు ఆకురాయితో అరగదీసి తమ పేరు కొట్టించుకున్నారు. కొత్త పేరు చక్కగానే ఉంటుంది. కానీ ఆ అరచేతి మేర ఇత్తడి పల్చబడుతుంది. కాస్త లోపలికి దిగుతుంది. మిగతా బిందె కంటే కొత్తగా మెరుస్తుంది. పేరు మాత్రమే చదివినవాడు నమ్మేస్తాడు. పేరు చుట్టూ చూసినవాడు పట్టేస్తాడు.

ఇవాళ నేను చెప్పబోయేది ఈ బిందె సంగతే. కాకపోతే బిందె బదులు కారు ఇంజన్. పాత కారులో ఉన్న ఇంజన్ ఆ కారుతో పాటు పుట్టిందేనా, లేక మధ్యలో వచ్చి చేరిందా? దాని మీద కొట్టిన అంకెల్ని బట్టి ఎలా తెలుసుకోవాలి? అదీ విషయం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. బోరు వేయడం, స్లీవులు దించడం, హెడ్ ఫేసింగు, బ్లాకు ఫేసింగు, ఇదే నా లోకం. ఆ రోజుల్లో ఇంజన్ నంబరు అంటే నాకు ఆర్సీ పుస్తకంలో ఒక గడి, అంతే. ఆ నంబరు కోసం మనుషులు నిద్ర మానుకుంటారని నాకు తెలిసింది అమెరికా వెళ్ళాకే.

మా అక్క కొడుకు ఒహాయో రాష్ట్రంలో సిన్సినాటిలో ఉంటాడు. వాడి దగ్గర మూడు నెలలున్నాను. వాడికో పాత కారు కొనాలని పిచ్చి. 1969 మోడల్ షెవర్లే కమారో. అందులోనూ జెడ్28 అనే రకం. సిన్సినాటిని ఆనుకుని, చుట్టూ సిన్సినాటే ఉన్న చిన్న ఊరు ఒకటుంది, నార్వుడ్ అని. కమారోలు తయారైన ఊరు అది. 1987లో ఆ ఫ్యాక్టరీ మూసేశారు. అందుకని ఆ చుట్టుపక్కల ఈ కారంటే సొంతూరి పిల్ల మీద ఉన్నంత మమకారం.

ఒక రోజు రాత్రి భోజనాల దగ్గర మావాడు ఫోను చూసి ఎగిరి గంతేశాడు. "మావయ్యా, దొరికింది! జెడ్28. నంబర్లన్నీ కలిశాయట. రేపు అడ్వాన్స్ ఇచ్చేస్తాను."

"ఆగరా. నంబర్లు కలిశాయా, ఎవరైనా కలిపారా?" అన్నాను.

వాడు చెయ్యి కడుక్కోవడం కూడా మరిచిపోయి నా మొహం చూశాడు.

ఈ ప్రశ్న గుర్తుపెట్టుకోండి. కలిశాయా, కలిపారా? ఈ ప్రసంగం మొత్తానికి ఇదొక్కటే ప్రశ్న.

ముందు, అసలు ఈ గొడవ ఎందుకో చెబుతాను. 1969లో జెడ్28 కమారోలు 20,302 తయారయ్యాయి. దాని ఇంజన్ 302 ఘనపు అంగుళాలు. మన లెక్కలో అయిదు లీటర్లకు కాస్త తక్కువ. ఆ కొలతే ఎందుకంటే, ట్రాన్స్ ఆమ్ అనే కారు పందాల్లో అయిదు లీటర్లు దాటకూడదని నియమం. పందెం కోసం పుట్టిన ఇంజన్ కాబట్టి దానికి అంత పేరు. కారు మీది చారలు, బిళ్ళలు ఎవరైనా తెచ్చి ఏ కమారోకైనా అతికించవచ్చు. కారు నంబరు చూసి తెలుసుకుందామా అంటే, ఆ నంబరులో జెడ్28 అని ఎక్కడా ఉండదు. పోనీ కంపెనీని అడుగుదామా అంటే, ఏ కమారోకి ఏ ఇంజన్ బిగించామో చెప్పే చిట్టా షెవర్లే దాచుకోలేదు. కెనడాలో అమ్మిన కార్లకి మాత్రం అక్కడి జనరల్ మోటార్స్ దగ్గర కాగితాలున్నాయి. అమెరికాలో అమ్మిన కారుకి మిగిలిన సాక్షుల్లో ముఖ్యమైనది ఇంజన్. అందుకే ఆ సాక్షిని కొనేవాళ్ళూ ఉన్నారు, తయారుచేసేవాళ్ళూ ఉన్నారు.

సరే, ఇంజన్ మీద ఏముంటుంది? రెండు రకాల రాతలుంటాయి. ఈ తేడా జాగ్రత్తగా వినండి. ఒకటి ఉబ్బెత్తు రాత. ఇంకొకటి లోతు రాత.

ఉబ్బెత్తు రాత అంటే కొత్త సబ్బు బిళ్ళ మీద అక్షరాల్లాంటిది. పోత పోసేటప్పుడు అచ్చులోనే ఉంటుంది. ఇనుము కరిగి అచ్చులోకి వెళ్ళినప్పుడే ఆ అంకెలు పైకి లేచి వస్తాయి. లోతు రాత అంటే స్టీలు గిన్నె మీద పేరు లాంటిది. బ్లాకు, అంటే ఇంజన్‌కి మొండెం లాంటి పెద్ద పోత ముక్క, తయారయ్యాక, పంచి పెట్టి సుత్తితో కొడితే పడుతుంది. ఉబ్బెత్తుది పోతలో పుడుతుంది. లోతుది దెబ్బతో పడుతుంది. లోతుది మార్చడం తేలిక. ఉబ్బెత్తుది మార్చడం చాలా కష్టం.

ముందు లోతు రాత చూద్దాం. ఈ షెవర్లే వి8 ఇంజన్‌లో, ముందు వైపు, కుడి పక్కన, హెడ్‌కి సరిగ్గా ముందు, బొటనవేలంత వెడల్పున ఒక చదునైన అరుగు ఉంటుంది. అమెరికాలో డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు కాబట్టి వాళ్ళు దాన్ని ప్యాసింజర్ సైడు అంటారు. మన మెకానిక్కుకి ఆ మాట చెబితే ఇంజన్‌కి అవతలి పక్క వెతుకుతాడు. కుడి పక్క అని గుర్తుపెట్టుకోండి, చాలు.

ఆ అరుగు మీద మొదట ఒక అక్షరం. వి అంటే మిషిగన్ రాష్ట్రంలోని ఫ్లింట్ ఇంజన్ ఫ్యాక్టరీ. తర్వాత నాలుగంకెలు. మొదటి రెండూ నెల, తర్వాతి రెండూ తేదీ. 0128 అని ఉంటే జనవరి 28. ఆ రోజు ఇంజన్ బిగించారన్నమాట. సంవత్సరం ఉండదు. చివర రెండక్షరాలు. ఏ రకం ఇంజన్ అన్నది అవే చెబుతాయి. 1969 జెడ్28కి ఆ రెండక్షరాలు డీజెడ్.

ఇది ఇంజన్ ఫ్యాక్టరీలో పడ్డ దెబ్బ. ఇంకో దెబ్బ కారు ఫ్యాక్టరీలో పడుతుంది. ఇంజన్ నార్వుడ్ చేరాక, ఏ కారులోకి వెళ్తుందో ఆ కారు నంబరులో కొంత భాగం ఇంజన్ మీద కొడతారు. మొదట 1, అంటే షెవర్లే. తర్వాత 9, అంటే 1969. తర్వాత ఎన్, అంటే నార్వుడ్. ఆ తర్వాత ఆ కారు వరస నంబరు, ఆరంకెలు. కారు ముందు అద్దం దగ్గర, డ్రైవరు పక్కన ఉన్న నంబరులోనూ చివర అవే అంకెలుండాలి. 1968 మోడల్ నుంచి అన్ని ఇంజన్ల మీదా ఈ కారు నంబరు కొట్టారు. అంతకు ముందు కొన్నిటికి ఉంది, కొన్నిటికి లేదు. 1969లో నార్వుడ్‌లో చాలా ఇంజన్లకి ఈ రెండో దెబ్బ ఆ అరుగు మీద కాకుండా, ఎడమ పక్క కింద ఆయిల్ ఫిల్టరు పైన గరుకు ఇనుము మీద పడింది. అరుగు మీద లేదని కంగారు పడక్కర్లేదు. ఫిల్టరు దగ్గర చూడాలి.

మా మేనల్లుడికి అమ్మకందారు పంపిన ఫోటోలో ఇవన్నీ అరుగు మీదే ఉన్నాయి. వి ఉంది. డీజెడ్ ఉంది. కారు నంబరు అచ్చంగా సరిపోయింది. నంబర్లు కలిశాయి అని వాడు గంతేసింది అందుకే.

కానీ మన ప్రశ్న ఏమిటి? కలిశాయా, కలిపారా?

దానికి రెండు పరీక్షలున్నాయి. మొదటిది వరస. రెండోది చర్మం.

వరస అంటే, ఇడ్లీ సంగతి తీసుకోండి. మినప్పప్పు నానబెట్టాలి. తర్వాత రుబ్బాలి. తర్వాత పులియాలి. ఆ తర్వాతే ఇడ్లీ రేకుల్లో పడుతుంది. ఎవరైనా వచ్చి, మేం ఆదివారం పొద్దున ఇడ్లీలు తిన్నాం, పిండి సోమవారం రుబ్బాం అంటే మీరేమంటారు? ఇడ్లీ బాగుందా లేదా అన్నది తర్వాత. ముందు ఆ ఇడ్లీ ఆ పిండిది కాదంటారు.

ఇంజన్ కూడా అంతే. ముందు బ్లాకు పోత పోస్తారు. అది నానబెట్టడం లాంటిది. కొన్ని రోజులకో, కొన్ని వారాలకో ఇంజన్ బిగిస్తారు. అది రుబ్బడం. ఆ తర్వాత అది కారులో పడుతుంది. పోత తేదీ ముందు. బిగింపు తేదీ మధ్యలో. కారు తేదీ చివర. మళ్ళీ చెబుతున్నాను. పోత, బిగింపు, కారు. ఈ మూడూ ఈ వరసలోనే రావాలి. మధ్యలో మరీ నెలల తరబడి ఎడం ఉన్నా ఎందుకని అడగాలి.

పోత తేదీ ఎక్కడుంటుంది? అది ఉబ్బెత్తు రాత. బ్లాకు వెనకాల, గేరుబాక్సు వచ్చి కలిసే అంచు మీద ఉంటుంది. ఎడమ పక్క అంచు మీద ఏడంకెల పోత నంబరు. కుడి పక్క అంచు మీద తేదీ. తేదీలో మొదట నెలకో అక్షరం. ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, అలా ఎల్ దాకా పన్నెండు. తర్వాత తేదీ. చివర ఒకే ఒక్క అంకె, సంవత్సరానికి. 9 అంటే 1969. ఇక్కడే ఒక గొయ్యి ఉంది. 9 అంటే 1979 కూడా కావచ్చు. పోత నంబర్లలో 3970010 అని ఒకటుంది. 1969 చివర్లో జెడ్28లకీ ఆ పోతే వాడారు. అదే పోతను ఆ తర్వాత డెబ్భైల్లో మామూలు కార్లకీ, ట్రక్కులకీ లెక్కలేనన్ని పోశారు. కాబట్టి పోత నంబరు సరైనదే కదా అని మురిసిపోతే లాభం లేదు. ఆ ఒక్క నంబరుతో జెడ్28 ఇంజనూ అవుతుంది, పాత ట్రక్కు ఇంజనూ అవుతుంది.

కారు తేదీ ఎలా తెలుస్తుంది? బానెట్ ఎత్తితే, ఇంజన్ వెనక గోడకి చిన్న రేకు ఒకటి కొట్టి ఉంటుంది. అందులో రెండంకెలు, ఒక అక్షరం. 02ఏ అంటే ఫిబ్రవరి మొదటి వారం. 02బి అంటే రెండో వారం. ఆ బాడీ ఏ వారం తయారైందో అదే చెబుతుంది.

మర్నాడు శనివారం. ఆ కారు చూడటానికి వెళ్ళాం. నా చేతిసంచిలో ఒక టార్చి, ఒక పెన్సిలు, రెండు పల్చటి కాగితాలు, పాత గుడ్డ, పళ్ళ డాక్టరు వాడే చిన్న గుండ్రటి అద్దం. మావాడు ఆ అద్దం చూసి నవ్వాడు. నవ్వనీ.

అమ్మే ఆయన నా వయసు పెద్దాయన. మాకు కాఫీ ఇచ్చాడు. షెడ్డులో నీలం రంగు కారు, మీద రెండు తెల్లచారలు. కళ్ళు తిప్పుకోనివ్వదు. అలాంటప్పుడే మనసు తొందరపడుతుంది. నేను కారు వైపు చూడకుండా నేరుగా ఆ అరుగు దగ్గరికి వెళ్ళాను.

ముందు గుడ్డ మీద కాస్త కిరసనాయిలు వేసి జిడ్డు తుడిచాను. ఇక్కడ ఒక మాట గట్టిగా చెబుతాను. జిడ్డు పోవడానికి ఉప్పు కాగితం పెట్టి రుద్దకండి. తీగె బ్రష్షు పెట్టకండి. మంచి ఉద్దేశంతోనే అయినా సరే, మీరు చూడాల్సిన సాక్ష్యాన్ని మీరే చెరిపేసినట్టు అవుతుంది. కిరసనాయిలు, మెత్తటి గుడ్డ, ఓపిక. ఈ మూడూ చాలు.

తర్వాత టార్చి. దాన్ని ఎదురుగా పట్టుకోకూడదు. పక్క నుంచి పట్టుకోవాలి, ఇనుముకి దాదాపు ఆనించి. గోడకి లప్పం పెట్టాక మేస్త్రి బల్బు తెచ్చి గోడ పక్కన పెట్టి చూస్తాడే, అలాగన్నమాట. ఎదురు వెలుతురులో గోడంతా ఒకేలా కనిపిస్తుంది. పక్క వెలుతురులో ప్రతి ఎత్తూ పల్లమూ నీడ పడి బయటపడుతుంది.

ఇప్పుడు రెండో పరీక్షకి వచ్చాం. చర్మం.

ఫ్యాక్టరీలో ఆ బ్లాకు పై ముఖాన్ని చదును చేసింది బ్రోచింగ్ అనే పెద్ద మిషను. వడ్రంగి చెక్కకి చిత్రిక పట్టినట్టు, వరసగా పళ్ళున్న కత్తి ఆ ముఖం మీద ఒక చివర నుంచి ఇంకో చివరకి సాగుతుంది. అది వదిలిన గీతలు సన్నగా, సమంగా, ముందు నుంచి వెనక్కి, దువ్వెనతో దువ్వినట్టుంటాయి. అరుగు కూడా ఆ ముఖంలో భాగమే కాబట్టి దాని మీదా అవే గీతలు పడతాయి. ఆ గీతల మీద తర్వాత నంబరు కొట్టారు. కాబట్టి అసలు ఇంజన్‌లో అంకెల మధ్య నుంచి, అంకెల కింది నుంచి ఆ గీతలు సాగిపోతూ కనిపిస్తాయి. ఇందాకటి బిందె మీద గీతలు పేరు తర్వాత పడ్డవి. ఇక్కడ గీతలు నంబరు కంటే ముందు పడ్డవి. తేడా అంతే. పరీక్ష ఒకటే. అంకె చుట్టూ ఉన్న ఇనుము మిగతా ఇనుముతో కలుస్తోందా?

పాత నంబరు తీసేయాలంటే గ్రైండరు పెట్టాలి. గ్రైండరు పెడితే గీతలూ పోతాయి. కొత్త నంబరు కొట్టొచ్చు. పోయిన గీతలు తెప్పించడం కష్టం. కొందరు ఉప్పు కాగితంతో గీతలు లాగి ప్రయత్నిస్తారు. పరీక్షగా చూస్తే అవి ఒక్కొక్కటి ఒక్కో లోతుగా, అంచుల దగ్గర వంకర తిరిగి ఉంటాయి. ఫిల్టరు పైన గరుకు ఇనుము మీద కొట్టిన నంబరైతే గీతలుండవు. అక్కడ చూడాల్సింది గరుకుదనం. చుట్టూ ఇడ్లీ పై భాగంలా సన్నటి గుంటలుండి, నంబరున్న చోట మాత్రం నున్నగా ఉంటే అనుమానించాల్సిందే.

పెన్సిలు ఎందుకంటారా? చిన్నప్పుడు రూపాయి బిళ్ళ మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దినవాళ్ళం మనమంతా. ఆర్టీవో ఆఫీసులో ఛాసిస్ నంబరు పెన్సిల్ ప్రింట్ తెమ్మంటారు చూడండి, అదే పని. కంటికి దొరకనివి కాగితం మీదికి వస్తాయి. అరుగు మీద కాగితం పెట్టి, పెన్సిలు పడుకోబెట్టి మెల్లగా రుద్దాను. అంకెలు తెల్లగా వచ్చాయి. వాటి చుట్టూ గీతలు రావాలి. రాలేదు. వాటికి బదులు అర్ధచంద్రాల్లా వంపు తిరిగిన గీతలు లీలగా పడ్డాయి. అవి గ్రైండరు బిళ్ళ తిరిగిన జాడలని ఆటోనగర్‌లో చాయ్ మోసే కుర్రాడు కూడా చెబుతాడు.

అంతమాత్రాన నేను దొంగతనం అనలేదు. ఎందుకంటే ఇందులో నిర్దోషులూ ఉంటారు. ఇంజన్ ఓవర్‌హాల్ చేసేటప్పుడు బ్లాకుకి ఫేసింగు చేస్తారు. వంకర పోయిన ముఖాన్ని మిషనులో పెట్టి ఒక పొర తీస్తారు. ఆ అరుగు కూడా అదే ముఖంలో ఉందని చెప్పాను కదా. ఫేసింగు చేసే మిషను తన కింద ఉన్నది నంబరా, తుప్పా అని చూడదు. నంబరు పోతుంది. అసలు ఇంజనే, అసలు యజమానే, నంబరు మాత్రం ఉండదు. అప్పుడు యజమాని అదే నంబరు మళ్ళీ కొట్టిస్తాడు. దాన్ని మోసమనాలా? నా మటుకు నేను, కొనేవాడికి ముందే చెబితే మోసం కాదంటాను. చెప్పకపోతే మోసమే. నంబరు లేని అరుగు నిజం చెబుతుంది. మళ్ళీ కొట్టిన నంబరు నిజం చెప్పినా నమ్మలేం.

కాబట్టి చర్మం పరీక్ష ఒక్కటే చాలదు. వరస కూడా చూడాలి. బానెట్ పక్క నుంచి వంగి, ఇంజన్‌కీ వెనక గోడకీ మధ్య సందులోకి ఆ పళ్ళ డాక్టరు అద్దం దించాను. మావాడు టార్చి పట్టుకున్నాడు. అద్దంలో అంకెలు తిరగబడి కనిపిస్తాయి, చదవడం చికాకు. ముందు పోత నంబరు చదివాను. 3970010. తర్వాత అవతలి పక్కకి వెళ్ళి తేదీ. డి, 10, 9.

డి అంటే ఏమిటి? ఏ జనవరి, బి ఫిబ్రవరి, సి మార్చి, డి ఏప్రిల్. ఏప్రిల్ 10.

అరుగు మీద ఏముంది? 0228. ఫిబ్రవరి 28న ఇంజన్ బిగించారట.

ఏప్రిల్‌లో పోత పోసిన ఇనుముని ఫిబ్రవరిలో బిగించారు. సోమవారం రుబ్బిన పిండితో ఆదివారం ఇడ్లీలు. పైగా ఆ 9 అన్నది ఏ పదేళ్ళ తర్వాతి 9 అయినా కావచ్చు.

మా మేనల్లుడు ఏమీ మాట్లాడలేదు. టార్చి ఆర్పేశాడు. నేను పెద్దాయనకి మెల్లగా, నాకొచ్చిన ఇంగ్లీషులో, మావాడి సాయంతో ఈ రెండు తేదీల సంగతి చెప్పాను. ఆయన కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. స్టూలు మీద కూర్చున్నాడు. ఆ కారు ఆయన కొని ఇరవై ఏళ్ళయిందట. అప్పుడు ఆయనకీ నంబర్లు కలిశాయనే చెప్పి అమ్మారట. కాసేపటికి లేచి, ఆ చిన్న అద్దం ఒకసారి ఇస్తారా అని అడిగాడు. తీసుకుని తనే వంగి, చాలాసేపు చూసుకున్నాడు.

పెద్దాయన గురించి ఇంకో మాట తర్వాత చెబుతాను. ఈలోగా మీకు రావలసిన సందేహాలు ఒకటి రెండు తీర్చాలి.

అరుగు మీద మామూలు రాతకి బదులు సీఈ అన్న అక్షరాలు, వాటి వెనక అంకెలు ఉంటే? అది కంపెనీ ఇచ్చిన మారు ఇంజన్. మొదటిది పాడైతే దాని బదులు ఇచ్చినది. అందులో దొంగతనం ఏమీ లేదు. కానీ పుట్టు ఇంజన్ కాదు.

అరగదీసిన నంబరు మళ్ళీ బయటికి తేవచ్చా? తేవచ్చు, కొన్నిసార్లు. నోటు పుస్తకంలో గట్టిగా ఒత్తి రాసి ఆ కాగితం చింపేయండి. కింది కాగితం మీద అచ్చు మిగిలి ఉంటుంది. ఇనుమూ అంతే. పంచి దెబ్బ పడినప్పుడు అంకె కింద ఇనుము లోపలి దాకా నలుగుతుంది. పైపొర తీసేసినా నలిగిన పొర కొంత మిగులుతుంది. యాసిడ్ పూస్తే నలిగిన ఇనుము ఒకలా, నలగనిది ఒకలా కరిగి పాత అంకె నీడలా తేలుతుంది. బళ్ళ దొంగతనాల కేసుల్లో ఫోరెన్సిక్ ల్యాబుల వాళ్ళు చేసే పని ఇది. మీరు ఇంట్లో చెయ్యకండి.

అన్ని కంపెనీలకీ ఇదే పద్ధతా? కాదు. ఇంగ్లండు జాగ్వార్ ఈ టైప్ తీసుకోండి. బానెట్ కింది రేకు మీద ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు వేరువేరుగా రాసి ఉంటాయి. పైగా జాగ్వార్ వాళ్ళ పాత చిట్టాలు భద్రంగా ఉన్నాయి, హెరిటేజ్ ట్రస్టు వాళ్ళు సర్టిఫికెట్ ఇస్తారు. జర్మనీ పోర్షేలో ఇంజన్ నంబరుకీ ఛాసిస్ నంబరుకీ పోలికే ఉండదు. కంపెనీ రికార్డు చూస్తేనే తెలుస్తుంది. ఫోర్డ్ మస్టాంగ్‌లో 1968కి ముందు కారు నంబరు కొట్టింది ఎక్కువ శక్తి గల ఇంజన్ల మీదే. మిగతా వాటికి పోత తేదీలే దిక్కు. అంటే నంబర్లు కలిశాయి అన్న మాటకి ఒక్కో కారులో ఒక్కో అర్థం. ఆ కారుకి కంపెనీ ఏం కొట్టిందో ముందు తెలుసుకుని, తర్వాత చూడాలి.

మరి మన దగ్గర? మన ఆర్సీలో ఛాసిస్ నంబరూ ఉంటుంది, ఇంజన్ నంబరూ ఉంటుంది. అది మన అదృష్టం. కానీ ఇంజన్ మారిస్తే ఆర్సీలోనూ మార్పించాలి. అందుకని ఇవాళ చేతిలో ఉన్న ఆర్సీతో ఇంజన్ నంబరు సరిపోయినంత మాత్రాన అది పుట్టు ఇంజన్ అని కాదు. మొదటి రిజిస్ట్రేషన్ నాటి రాత చూడాలి. డీజిలు చవకగా ఉన్న రోజుల్లో మన వైపు ఎన్ని పెట్రోలు అంబాసిడర్లు, ఎన్ని జీపులు డీజిలు ఇంజన్‌కి మారాయో! అందులో నా చేతి మీదుగా వెళ్ళినవీ ఉన్నాయి.

ఇప్పుడీ సంగతికి మన దేశంలోనూ విలువ వచ్చింది. 2021 జూలైలో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో వింటేజ్ వాహనాల కోసం ప్రత్యేకంగా కొన్ని చేర్చారు. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్ళు దాటి, అసలు రూపంలో ఉన్న బళ్ళకి ఇది. ఛాసిస్‌లో గానీ, బాడీలో గానీ, ఇంజన్‌లో గానీ పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, తిరిగి చేయించుకోవడానికి 5,000. పదేళ్ళు చెల్లుతుంది. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. కాబట్టి పాత బండి కొని వీఏ నంబరు వేయించాలనుకునేవాళ్ళు రంగు కంటే ముందు ఇంజన్ చూసుకోండి.

మళ్ళీ ఒక్కసారి, వెళ్ళేముందు చేతిసంచిలో ఏముండాలో చెబుతాను. కిరసనాయిలు, గుడ్డ. టార్చి. పెన్సిలు, కాగితం. చిన్న అద్దం. చూడాల్సినవి రెండు. పోత, బిగింపు, కారు, ఈ వరస. అంకె చుట్టూ ఉన్న ఇనుము, ఆ చర్మం.

పెద్దాయన సంగతి చెబుతానన్నాను. పది రోజులకి ఆయనే ఫోన్ చేశాడు. ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళకి నంబర్లు కలిశాయని చెప్పి అమ్మలేనన్నాడట. మావాడికే, పుట్టు ఇంజన్ లేని కారు ధరకి ఇచ్చాడు. కాగితం మీద ఆ రెండు తేదీలూ తన చేత్తో రాసి సంతకం పెట్టి మరీ ఇచ్చాడు. ఏప్రిల్ 10, ఫిబ్రవరి 28. మావాడు దాన్ని కారులోనే గ్లోవ్ బాక్సులో పెట్టుకున్నాడు. రేపు వాడు అమ్మేటప్పుడు కొనేవాడికి అదీ ఇస్తాడట.

నేను తిరిగొచ్చాక మా ఇంట్లో చిన్న హడావుడి. మా నాన్నగారి అంబాసిడర్ ఒకటుంది, మార్క్ టూ, 1966లో రిజిస్టర్ అయింది. మా అబ్బాయి, "నాన్నా, మన బండికి వీఏ నంబరు వేయిద్దాం" అన్నాడు. నేను బీరువాలోంచి పాత ఆర్సీ పుస్తకం తీశాను. కాగితాలు పసుపురంగు తిరిగాయి. ఇంజన్ నంబరు గడిలో ఎర్రసిరాతో ఒక గీత కొట్టి ఉంది. దాని పక్కన డీజిలు ఇంజన్ నంబరు, కింద ఆఫీసరు పొట్టి సంతకం. 1987లో నేనే మార్చాను. నాన్నగారు వద్దన్నారు, పెట్రోలు ఖర్చని నేనే ఒప్పించాను. తీసేసిన ఇంజన్‌ని ఆటోనగర్‌లో పాత ఇనుము కొట్లో తూకానికి వేశాను.

ఎర్రగీత కింద పాత నంబరు ఇంకా చదవడానికి వస్తోంది. దాన్ని ఒక చీటీ మీద రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాను. ఇప్పుడు సాయంత్రాలు ఆటోనగర్ వైపు నడకకి వెళ్ళినప్పుడు, పాత ఇనుము కొట్ల ముందు అంబాసిడర్ బ్లాకు ఏదైనా కనిపిస్తే ఆగుతాను. జేబు రుమాలుతో తుడిచి, చీటీ తీసి చూసుకుంటాను.